మా కడుపునొప్పి మీ వ్యాపారం కాదు

శుక్రవారం స్త్రీల కూటం ముగిసింది. ముగింపు ప్రార్థన అయ్యాక ఎప్పటిలా టీ ఇచ్చారు. ఈసారి టీతో పాటు ఒక చిన్న చెక్కపెట్టె కూడా చాప మీదికి వచ్చింది. అందులో వేలెడంత నల్లటి సీసాలు. లావెండరు, క్లారీ సేజ్, సాంబ్రాణి, బోళము. నెలసరి నొప్పి వచ్చినప్పుడు పొట్ట మీద రెండు చుక్కలు, అరికాళ్లకు రెండు చుక్కలు రాసుకోవాలట. అప్పటికీ తగ్గకపోతే గోరువెచ్చటి నీళ్లలో ఒక చుక్క వేసుకుని తాగాలట. ఇవి దేవుని తోటలోవి, బైబిల్లో ఉన్న నూనెలు, సైడ్ ఎఫెక్టులు అసలే ఉండవు అని చెప్పారు. పదిహేను మిల్లీలీటర్ల సీసా 1,500 రూపాయలు.

ఆ చాప మీద కూర్చున్నవాళ్లలో సగం మంది తెల్లారితే చీపురు పట్టుకుని బెంగళూరు రోడ్లు ఊడ్చేవాళ్లు. 1,500 అంటే వాళ్లకు మూడు రోజుల కూలి. ఆ సాయంత్రం నాలుగు సీసాలు అమ్ముడుపోయాయి. అందులో రెండు అప్పు మీద.

మేమూ అక్కడే ఉన్నాం. నోరు తెరవలేదు. అమ్మినావిడ మాకు అక్క వరస, ఆమె పక్కన కూర్చున్నది పాస్టరమ్మగారు. ఏమన్నా అంటే విశ్వాసం లేని పిల్లలని పేరు పడుతుంది. ఆ రోజు మాట్లాడనందుకు సిగ్గుపడి ఇప్పుడు రాస్తున్నాం.

ముందే ఒక మాట. అమ్మమ్మల వైద్యాన్ని వెక్కిరించడానికి మేము రాయడం లేదు. వాము కషాయం, శొంఠి బెల్లం, ఉప్పు మూట కాపడం, గోరువెచ్చటి ఆముదం పొత్తికడుపుకు రాయడం, ఇవన్నీ మా ఇళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో కొన్ని నిజంగానే పనిచేస్తాయి కూడా. నెలసరి సమయంలో గర్భాశయపు లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. వాటి వల్ల గర్భాశయం కండరం బిగుసుకుంటుంది, రక్తం సరిగా అందదు, నొప్పి పుడుతుంది. అవి ఎక్కువైతే వాంతులు, విరేచనాలు, తలనొప్పి కూడా వస్తాయి. వేడి తగిలితే బిగుసుకున్న కండరం సడలుతుంది. పొత్తికడుపు మీద వేడి పట్టీ పెట్టుకోవడం ఐబుప్రోఫెన్ మాత్రకు దాదాపు సాటిగా పనిచేసిందని 2001లో ఒక వైద్య ప్రయోగంలో తేలింది. అల్లం కొంత ఉపశమనం ఇస్తుందని చిన్న చిన్న ప్రయోగాలు చెబుతున్నాయి. మన అమ్మమ్మ వేడి ఇటుకను గుడ్డలో చుట్టి పొట్ట మీద పెట్టినప్పుడు ఆమెకు ప్రోస్టాగ్లాండిన్ పేరు తెలియదు గానీ పని తెలుసు. అంతకంటే ముఖ్యం, ఆమె మనకు బిల్లు వేయలేదు. తగ్గకపోతే నీ విశ్వాసం చాలలేదనీ అనలేదు.

మరి నూనెల సంగతి? లావెండరు మీద ఇరాన్‌లో, టర్కీలో కాలేజీ విద్యార్థినులతో చేసిన ప్రయోగాలు ఉన్నాయి. నూనెతో పొట్ట మర్దన చేసుకున్నవాళ్లకు నొప్పి కొంత తగ్గిందని వాటిలో రాశారు. అయితే ఎన్ని మార్కులు నూనెకు, ఎన్ని మర్దనకు? వాసన వస్తుంది కాబట్టి ఎవరికి అసలు నూనె ఇచ్చారో, ఎవరికి ఉత్త నూనె ఇచ్చారో దాచడమే కష్టం. కొబ్బరి నూనె గోరువెచ్చగా చేసి అమ్మ చేత్తో పది నిమిషాలు రాసినా హాయిగానే ఉంటుంది. ఆ వాసన నచ్చినవాళ్లు, డబ్బున్నవాళ్లు కొనుక్కుంటే మాకేం అభ్యంతరం లేదు. పువ్వులు కొనుక్కోమా? సువాసనను మందు అని, మందును స్వస్థత అని, స్వస్థతను దేవుని వాగ్దానం అని మెట్టు మెట్టుగా పెంచి, చివరి మెట్టు మీద ధర చీటీ అతికించడం దగ్గరే మా గొడవ.

సైడ్ ఎఫెక్టులుండవన్న మాటైతే పచ్చి అబద్ధం. మొక్కలోంచి తీసిన ఈ తైలాలు చాలా గాఢంగా ఉంటాయి. కలపకుండా చర్మానికి రాస్తే దద్దుర్లు, బొబ్బలు వస్తాయి. నీలగిరి తైలం కొద్ది మిల్లీలీటర్లు మింగినా చిన్నపిల్లలకు ఫిట్స్ రావొచ్చు. వింటర్‌గ్రీన్ అనే తైలం ఒక చిన్న చెంచాడులో ఇరవైకి పైగా ఆస్పిరిన్ మాత్రలంత మందు ఉంటుంది. ఒంటిగది ఇంట్లో, పిల్లలు పాకే చోట, షాంపూ పాకెట్ల పక్కన ఈ సీసా పెట్టుకోమంటున్నారు. గంజాయీ మొక్కే, గన్నేరూ మొక్కే. ప్రకృతి నుంచి వచ్చిందంటే మంచిదే అయి తీరాలన్న మాట ఏ రైతుకూలీ అయినా నమ్ముతుందా? మనం మాత్రం నమ్మేశాం.

మా యవనస్థుల కూటంలో ఒక చెల్లి ఉంది. ఆమె అనుమతితోనే రాస్తున్నాం. డిగ్రీ రెండో సంవత్సరం. ప్రతి నెలా మూడు రోజులు కాలేజీకి రాదు. వాంతులు, కళ్లు తిరగడం, మూత్రానికి వెళ్లినా నొప్పి. వాళ్లమ్మ పౌరకార్మికురాలు. నూనె కొంది. మొదటి నెల కాస్త నయమనిపించింది. రెండో నెల అమ్మినావిడ ఇంకో రకం కలపమంది, అదీ కొంది. మూడో నెల నుంచి ఉపవాస ప్రార్థన కూడా చేర్చారు. ఇలా ఎనిమిది నెలలు. ఒక రాత్రి నొప్పితో స్పృహ తప్పితే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. స్కానింగులో అండాశయం మీద తిత్తి కనపడింది. ఎండోమెట్రియోసిస్ అన్నారు. గర్భాశయం లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట పెరగడం. ప్రపంచంలో సంతానవయసులో ఉన్న ప్రతి పదిమంది స్త్రీలలో దాదాపు ఒకరికి ఇది ఉంటుంది. అరుదైన రోగమేమీ కాదు. ఇన్నాళ్లు ఎందుకు ఆగారమ్మా అని డాక్టరమ్మ అడిగితే ఆ తల్లి తల దించుకుంది. తల దించుకోవాల్సింది ఆమేనా?

ఇప్పుడు హార్మోను మాత్రలు వాడుతోంది, కాలేజీకి వెళ్తోంది. సీసాలకు పెట్టిన అప్పు ఇంకా తీరలేదు.

ఇక బైబిలు నూనెలన్న మాటకు వద్దాం. నిర్గమకాండము ముప్పయ్యో అధ్యాయం తెరిచి చదవండి. అభిషేక తైలానికి ఏమేం కలపాలో, ఎంత తూకమో అక్కడ ఉంది. బోళము, దాల్చినచెక్క, నిమ్మగడ్డి, లవంగిపట్ట, వాటన్నిటికీ ఒలీవ నూనె. సీసాలు అమ్మేవాళ్లు ఇంతవరకే చదివి ఆపేస్తారు. మరికొన్ని వచనాలు ముందుకెళ్తే అలాంటి తైలం ఎవరూ తమ కోసం చేసుకోకూడదని, మామూలు మనిషి ఒంటి మీద పోయకూడదని, చేసినవాణ్ని ప్రజల్లోంచి వెలివేయాలని గట్టి ఆజ్ఞ ఉంది. బైబిలు పేరు చెప్పి సీసా అమ్మాలనుకుంటే అసలు వాడకూడని అధ్యాయం అదే! యాకోబు పత్రికలో పెద్దలు నూనె రాసి ప్రార్థించమన్న మాట ఉంది, నిజమే. అక్కడ పెద్దలు రోగి ఇంటికి వెళ్లారు. ఆమె చేత కొనిపించలేదు. మంచి సమరయుడు గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోసి, కట్టు కట్టి, పూటకూళ్లవాడికి డబ్బు కూడా తానే ఇచ్చాడు. నూనె ఎవరిది, ఖర్చు ఎవరిది అన్నది ఆ కథలో చాలా స్పష్టంగా ఉంది.

మార్కు అయిదో అధ్యాయంలో పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ కథ మన సంఘాల్లో ఎన్నిసార్లు విన్నాం? ప్రతిసారీ ప్రసంగం అంగీ చెంగు ముట్టుకోవడం దగ్గర మొదలై ఆమె విశ్వాసం దగ్గర ముగుస్తుంది. దానికి ముందున్న మాట మీద ప్రసంగం మేము ఇంతవరకు వినలేదు. ఆమె అనేక మంది వైద్యుల చేతుల్లో నలిగింది, ఉన్నదంతా ఖర్చు పెట్టింది, నయం కాకపోగా ఇంకా క్షీణించింది. సువార్తికుడు డబ్బు సంగతి పనిగట్టుకుని రాశాడు. ఆమె జబ్బు మీద ఎవరెవరో బతికారని రాశాడు. యేసు దగ్గర ఆమెకు అయిన ఖర్చు ఏమీ లేదు. జనం మధ్య ఆమె నిలబడి జరిగినదంతా చెప్పేదాకా ఆయన ఆగాడు, విన్నాడు, కూతురా అని పిలిచాడు. రక్తస్రావం ఉన్న స్త్రీ తాకితే మైల అని ధర్మశాస్త్రం చెబుతున్న కాలంలో.

మనం మైల వదిలేశామని గొప్పగా చెప్పుకుంటాం. పక్కింటివాళ్లలా వాకిట్లో కూర్చోబెట్టం, కుండ వేరు పెట్టం. కానీ ఆ రోజుల్లో ప్రభు బల్ల దగ్గరికి రావద్దని చెవిలో చెప్పే అత్తలు మన సంఘాల్లో లేరా? వెనక వరుసలో కూర్చుని, రొట్టె ముట్టకుండా, ఏదో పాపం చేసినట్టు తల వంచుకునే ఆడపిల్లలు లేరా? ఆ పిల్లకే మర్నాడు నూనె సీసా అమ్ముతారు.

అమ్మేవాళ్లకు తెలియాల్సిన ఇంకో సంగతి ఉంది. 1954 నాటి మందులు, మాయ వైద్యాల ప్రకటనల చట్టం మన దేశంలో ఇప్పటికీ అమల్లో ఉంది. నెలసరి దోషాలను సరిచేస్తుందంటూ ఏ మందునూ ప్రచారం చేయకూడదని దాని మూడో సెక్షన్లో విడిగా పేరు పెట్టి మరీ రాశారు. ప్రకటన అంటే కరపత్రం, లేబుల్ మాత్రమే అనుకోకండి. నోటితో చేసే ప్రకటన కూడా అందులోకే వస్తుంది. అంటే మైకు పట్టుకుని చెప్పే సాక్ష్యం కూడా. అమెరికాలో 2014లోనే అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ రెండు పెద్ద నూనెల కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. వాళ్ల ఏజెంట్లు ఎబోలా, కేన్సరు కూడా తగ్గుతాయని చెప్పుకుని అమ్ముతున్నందుకు. అక్కడ మందలింపు పడిన మాటలే ఇక్కడికి వచ్చి తెలుగులో సాక్ష్యాలయ్యాయి.

అయినా మా వాళ్లు ఎందుకు కొంటున్నారు? అమాయకులు కాబట్టి అనుకుంటే పొరపాటు. మా అమ్మలు కూరగాయల బండి దగ్గర రూపాయి కోసం పావుగంట బేరమాడేవాళ్లు. వాళ్లు కొంటున్నారంటే ఆ సీసాతో పాటు ఇంకేదో దొరుకుతోంది.

ప్రభుత్వాసుపత్రికి వెళ్తే ఏం జరుగుతుందో చూడండి. ఓపీ చీటీ కోసం ఒక పూట కూలి పోతుంది. డాక్టరు మన భాష కాదు. నెలసరిని కన్నడంలో మన పల్లెమాటలాగే ముట్టు అంటారు కాబట్టి కొంత నయం. తమిళనాడులో తూరం అనాలి, మహారాష్ట్రలో పాళీ అనాలి. ఏ ముక్కల్లో నొప్పి, ఎంత రక్తం, గడ్డలు పడుతున్నాయా, ఇవి పరాయి భాషలో చెప్పడానికి బడికెళ్లే కొడుకును తోడు తీసుకెళ్లాలి. కొడుకు ముందు ఏం చెబుతుంది? కడుపునొప్పి అంటుంది. గ్యాసు మాత్ర రాసిస్తారు. పెళ్లికాని పిల్లయితే పెళ్లయితే తగ్గుతుంది పొమ్మంటారు. పెళ్లయినదైతే బిడ్డ పుడితే సర్దుకుంటుంది అంటారు. బిడ్డలు పుట్టాక కూడా నొప్పి ఉంటే, ఇక పిల్లలు చాలు కదా, సంచి తీసేద్దాం అంటారు. నూనె అమ్మే అక్క మాత్రం చాప మీద పక్కన కూర్చుని, తెలుగులో, గంటసేపు వింటుంది. చెయ్యి పట్టుకుంటుంది. 1,500 పెట్టి మా వాళ్లు కొంటున్నది ఆ గంటే. ఆ గంట ఊరికే ఇవ్వాల్సిన సంఘం ఎక్కడికి పోయింది?

సంచి తీయించుకోవడం మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భాశయం తొలగించినవాళ్లు దేశం మొత్తం మీద నూటికి దాదాపు ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది. దేశంలో అన్నిటికంటే ఎక్కువ మన నేలలోనే. మేము ఊరు వదిలి మూడు నాలుగు తరాలైనా, ఆపరేషన్ చేయించుకోవడానికి ఊరికి వెళ్లి వచ్చే పిన్నులు, పెద్దమ్మలు ప్రతి ఇంట్లో ఉన్నారు. మహారాష్ట్రలో బీడ్ జిల్లా సంగతి 2019లో బయటపడింది. చెరుకు నరికే కూలీలు ఎక్కువగా ఉండే ఆ జిల్లాలో మూడేళ్లలో 4,605 మందికి గర్భాశయం తొలగించారని ఆరోగ్యమంత్రే శాసనమండలిలో చెప్పారు. నెలసరి వచ్చి ఒక రోజు పని మానేస్తే ముకద్దం జరిమానా వేస్తాడు. నెలసరే లేకపోతే జరిమానా ఉండదు. అదే ఏడాది తమిళనాడు బట్టల ఫ్యాక్టరీల గురించి ఒక అంతర్జాతీయ వార్తాసంస్థ రాసింది. దాదాపు వందమంది కార్మిక స్త్రీలతో మాట్లాడితే, నెలసరి నొప్పి అన్నప్పుడల్లా సూపర్‌వైజరు పేరూ గడువు తేదీ లేని మాత్ర ఒకటి చేతిలో పెట్టి మళ్లీ మిషను ముందు కూర్చోబెడుతున్నారని చెప్పారు.

ఆ మాత్రకూ ఈ సీసాకూ మాకు పెద్ద తేడా కనపడదు. రెండూ పని ఆగకుండా చూసుకునేవే. ఫ్యాక్టరీవాడు తన మాత్రకు డబ్బులు తీసుకోలేదు, అంతే.

బెంగళూరు రోడ్లు ఊడ్చేవాళ్లలో ఎక్కువమంది తెలుగు మాట్లాడే దళిత స్త్రీలు. వాళ్లలో మన విశ్వాసులు ఎంతమందో ప్రతి ఆదివారం చూస్తూనే ఉన్నాం. కొందరి ఉద్యోగాలు ఖాయమయ్యాయి, సంతోషం. కానీ పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా ఊడ్చే దారిలో గుడ్డ మార్చుకోవడానికి చోటుండదు. మరుగుదొడ్డి లేదని నీళ్లు తాగడం మానేస్తారు. మూత్రంలో మంట, నడుంనొప్పి, దాని మీద నెలసరి. 2025 అక్టోబరులో కర్ణాటక మంత్రివర్గం ఉద్యోగినులకు నెలకొక రోజు జీతంతో నెలసరి సెలవు ఇవ్వాలని నిర్ణయించింది. 2024 ఆగస్టు పదిహేనున ఒడిశా ప్రభుత్వమూ అలాంటి మాటే ప్రకటించింది. ఆ సెలవు మేస్త్రీ ముందు నిలబడి అడగగలిగిన రోజున అది సెలవు. అడగడానికి పక్కన ఎవరు నిలబడతారు? నూనె కంపెనీ నిలబడదు.

సీసాలు అమ్మే అక్కల మీద మాకు కోపం లేదంటే అబద్ధం. ఉంది. కానీ వాళ్ల పెట్టె ఎలా వచ్చిందో కూడా మాకు తెలుసు. మొదటి పెట్టె కొనడానికి చెవి కమ్మలు కుదువ పెట్టిన అక్క ఒకరు ఉన్నారు. కింద ఇంకో ముగ్గురిని చేర్పిస్తే గానీ కమీషను రాదు. ఆ ముగ్గురూ ఎక్కడ దొరుకుతారు? సంఘంలోనే. మనుషులను చేర్పించడం మీద నడిచే గొలుసు వ్యాపారాన్ని 2021లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు నిషేధించాయి. అక్కా, ఈ ముక్క మీకోసమే రాశాం. పెట్టె వెనక్కి తీసుకోమని పైవాళ్లను అడగండి, మీతో మేమూ వస్తాం. పాస్టరుగార్లను అడిగేది ఒక్కటే: పులిపీఠం మీద నుంచి, కూటం చాప మీద నుంచి మందుల అమ్మకం ఆపండి. మీ ఇంట్లో ఆడపిల్లకు నొప్పి వస్తే మీరు ఎక్కడికి తీసుకెళ్తారో మా పిల్లలనూ అక్కడికే పంపండి.

నొప్పికి ఏం చేయాలో తెలియక ఎవరూ సీసా కొనకూడదు కాబట్టి ఇదీ చెబుతున్నాం. కాపడం పెట్టుకోండి, వేడి నీళ్లు తాగండి, పడుకోనివ్వండి. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు ఆ ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండానే ఆపుతాయి, అందుకే నొప్పి ముదిరేదాకా ఆగకుండా మొదట్లోనే, ఏదైనా తిన్నాక వేసుకోవాలి. కడుపులో పుండు, ఆస్తమా, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. ప్రధానమంత్రి జన్ ఔషధి దుకాణాల్లో ఇవి కొద్ది రూపాయలకే దొరుకుతాయి, అక్కడే 2019 నుంచి ప్యాడు ఒక్కటి ఒక రూపాయికి ఇస్తున్నారు. మాత్రకు లొంగని నొప్పి, గంట గంటకూ ప్యాడు తడిసిపోవడం, వారం దాటినా ఆగని రక్తం, నెల మధ్యలో కూడా నొప్పి, ఇంతకాలం లేనిది కొత్తగా మొదలవడం, వీటిలో ఏది ఉన్నా స్త్రీల డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. భాష రాదంటే మాలో ఒకరం తోడు వస్తాం. రెండు నెలలుగా వెళ్తున్నాం. ఇప్పటికి పదకొండు మందితో వెళ్లాం.

మా మందిరం ఆవరణలో మరుగుదొడ్లు రెండున్నాయి. నీళ్లు వస్తాయి, గడియ పడుతుంది. సోమవారం నుంచి శనివారం దాకా వాటికి తాళం. ప్రహరీ గోడకు అవతల మన విశ్వాసులే ఆరుగురు రోజూ ఊడుస్తారు. పొద్దున్న ఆరింటి నుంచి పన్నెండింటి దాకా ఆ తాళం తీసి ఉంచమని, ఒక బకెట్టు, మూత ఉన్న చెత్తడబ్బా, సబ్బు పెట్టమని సంఘ కమిటీకి గత నెల రాతపూర్వకంగా ఇచ్చాం. పాత నూనె అప్పులున్న ఇద్దరి సంగతి కూడా అందులోనే రాశాం. శుభ్రం ఎవరు చేస్తారని అడిగారు. మేమే చేస్తామని రెండో ఉత్తరం ఇచ్చాం. వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన తర్వాత కమిటీ కూర్చుంటుంది. మేము బయట మెట్ల మీద ఉంటాం.